అరకు కొండమీద ఎర్రపళ్ళు

పిల్లలూ! తెల్లవారగానే మీ ఇంట్లో కాఫీ వాసన గుప్పుమంటుంది గదా. ఆ కాఫీ ఒక చెట్టు నుంచి వచ్చిందని మీకు తెలుసు. కాని చెట్టులో ఏ భాగం? ఆకా? వేరా? బెరడా? నేను బడిలో పాఠాలు చెప్పినంతకాలం ఈ ప్రశ్న ప్రతి ఏడూ వేసేవాణ్ణి. "డబ్బాలో ఉండే పొడి, మాస్టారూ!" అనేవాళ్ళే ఎక్కువ. నిజానికి కాఫీ అంటే ఒక పండులోని విత్తనం. ఆ పండు చెట్టుమీద ఉన్నప్పుడు ఎర్రగా, చిన్న రేగిపండంత ఉంటుంది. ఆ ఎర్రపండు మీ ఇంటి గిన్నెలోకి వచ్చేలోగా ఎన్ని చేతులు మారుతుందో, ఆ చేతులకు ఎంత ఓర్పు కావాలో ఈరోజు చెపుతాను. అందుకు మనం ఒక కొండ ఎక్కాలి.

విశాఖపట్నంలో ఉదయం బయలుదేరే కిరండూలు రైలు ఎక్కి కూర్చోండి. కొత్తవలస, శృంగవరపుకోట దాటేదాకా అంతా మామూలు పల్లపు నేలే: వరిమళ్ళు, తాటిచెట్లు, మామిడితోటలు. బొడ్డవర స్టేషను దాటిందంటే ఇక కథ మారిపోతుంది. రైలు మెల్లగా కొండ ఎక్కడం మొదలుపెడుతుంది. ఒకపక్క కొండచరియ, ఇంకొకపక్క లోయ. ఉన్నట్టుండి చీకటి! సొరంగం. మళ్ళీ వెలుతురు, మళ్ళీ చీకటి. లెక్కపెట్టండి చూద్దాం! ఈ దారిలో యాభైకి పైగా సొరంగాలు ఉన్నాయి. ఈ రైలుమార్గం మనుషులకోసం వేసింది కాదు. బైలడిల్లా గనులలో దొరికే ఇనుపరాయిని విశాఖ రేవుకు చేర్చడానికి 1960ల్లో వేశారు. బొర్రా గుహలు, శిమిలిగుడ దాటిన తరవాత వచ్చేదే అరకు. ఇది అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఉన్నది. ఈ జిల్లా 2022లో ఏర్పడింది.

రైలు దిగగానే మీకు మొదట తెలిసేది చలి. ఎందుకు చలి? భూగోళ పాఠం గుర్తు చేసుకోండి. సముద్రమట్టం నుంచి వెయ్యి మీటర్లు పైకి ఎక్కితే వేడి సుమారు ఆరు డిగ్రీలు తగ్గుతుంది. ఇక్కడి కాఫీతోటలు ఎక్కువగా 900 నుంచి 1100 మీటర్ల ఎత్తులో ఉంటాయి. విశాఖ ఒడ్డున మనుషులు చెమటలు కక్కుతున్నవేళ ఇక్కడ భుజాన గుడ్డ కప్పుకుని తిరుగుతారు. ఈ చల్లదనం అరాబికా జాతి కాఫీకి ప్రాణం. చల్లనిచోట పండు నిదానంగా పండుతుంది. నిదానంగా పండిన పండులో విత్తనం గట్టిపడుతుంది, రుచి నిండుతుంది. వేడిచోట త్వరత్వరగా పండితే ఆ రుచి రాదు.

కాఫీ మన దేశపు మొక్క కాదు. దాని పుట్టిల్లు ఆఫ్రికాలోని ఇథియోపియా. అక్కడినుంచి అది ఎర్రసముద్రం దాటి యెమెను దేశం చేరింది. పదిహేడవ శతాబ్దంలో బాబా బుడన్ అనే సాధువు యెమెను నుంచి ఏడు గింజలు తెచ్చి మైసూరు దేశపు చిక్కమగళూరు కొండలమీద నాటాడని చెపుతారు. ఆ కొండలకు ఇప్పటికీ ఆయన పేరే. మన తూర్పుకనుమలకు అది చాలా ఆలస్యంగా వచ్చింది. 1898లో గోదావరి మన్యంలోని పాములేరు లోయలో తెల్లదొరలు మొదట నాటించారంటారు. తరవాత అనంతగిరి, చింతపల్లి వైపు పాకింది. 1960ల్లో అటవీశాఖవారు తోటలు వేశారు. ఆ తరవాత కాఫీ బోర్డూ, గిరిజనాభివృద్ధి సంస్థా మొక్కలిచ్చి, పని నేర్పి, కొండవాళ్ళ సొంత భూముల్లో నాటించారు. ఈ చివరి సంగతి ముఖ్యమైనది. ఇక్కడి తోటలు వందల ఎకరాల దొరల ఎస్టేట్లు కావు. ఒక్కొక్క కుటుంబానికి ఎకరమో, రెండెకరాలో. కొండదొర, బగత, కోదు, పోర్జ, వాల్మీకి మొదలైన తెగలవారు ఆ తోటల యజమానులు. తోటమాలులూ వారే, కూలీలూ వారే.

అంతకుముందు ఈ వాలుల్లో పోడు వ్యవసాయం సాగేది. అడవిలో కొంత భాగం నరికి, కాల్చి, ఆ బూడిదలో సామలు, చోళ్ళు చల్లేవారు. రెండు మూడేళ్ళకు సారం తగ్గితే ఇంకొక చోటికి పోయేవారు. మనుషులు తక్కువ, అడవి ఎక్కువ ఉన్న రోజుల్లో విడిచిన నేలకు మళ్ళీ చెట్లు మొలిచేటంత వ్యవధి ఉండేది. జనం పెరిగిన తరవాత ఆ వ్యవధి లేకపోయింది. చెట్టులేని వాలుమీద వాన పడితే మట్టి గెడ్డల్లోకి కొట్టుకుపోయేది. కాఫీ అట్లా కాదు. దానికి నీడ కావాలి. నీడ కావాలంటే చెట్టు ఉండాలి. కనక కాఫీ నాటినవాడు చెట్టును నరకడు!

2025 డిసెంబరులో నేను ఇటువంటి తోట ఒకటి చూచాను. అనంతగిరి నుంచి అరకు పోయే దారికి కాస్త పైన, ఎకరంన్నర తోట. ఇంట్లో నాయనమ్మ, ఇద్దరు కొడుకులు, కోడళ్ళు, ఏడో తరగతి చదివే మనవరాలు ఉన్నారు. తోట అంటే మీరు మామిడితోటలాంటిది ఊహించుకోకండి. బయటినుంచి చూస్తే అది అడవే. పైన పొడుగాటి సిల్వర్ ఓక్ చెట్లు, మధ్య మధ్య పనస. సిల్వర్ ఓక్ మానులమీదికి మిరియాల తీగ పాకి ఉన్నది. కింద మనిషి ఎత్తున కాఫీ మొక్కలు. ఒక్క నేలలో మూడు అంతస్తుల మేడ అన్నమాట!

"ఈ నీడ దేనికమ్మా?" అని మనవరాల్ని అడిగాను. ఆ పిల్ల తడుముకోకుండా జవాబు చెప్పింది. "ఎండ తగిలితే కాండం తొలిచే పురుగు వస్తుంది మాస్టారూ. రాలిన ఆకు ఎరువవుతుంది. మిరియం వేరే డబ్బు." మూడు ముక్కల్లో మూడు మార్కులు! ఆమె చెప్పింది నిజం. అరాబికా కాండాన్ని తొలిచే తెల్లపురుగు ఎండలో ఉన్న మొక్కలనే ఎక్కువగా పడుతుంది. చెట్ల నీడ ఆ కుటుంబానికి గొడుగూ, ఎరువుల కొట్టూ, పురుగులమందూ.

వేసవిలో, మార్చి ఏప్రిల్ నెలల్లో, ఒక మంచి వాన పడుతుంది. పడిన కొద్దిరోజులకు తోటంతా తెల్లగా పూస్తుంది. పువ్వు మల్లెలాగే ఉంటుంది, వాసనా అటువంటిదే. ఆ పూత రెండు మూడు రోజుల ముచ్చటే. తరవాత కాయ పడుతుంది. అది పండడానికి ఎనిమిది తొమ్మిది నెలలు. అంటే ఏప్రిల్‌లో పూచిన పువ్వు డిసెంబరుకు గాని పండు కాదు. ఇక్కడే ఒక చిక్కున్నది. వాన అంతా ఒక్కరోజే పడదు గదా. కొంత పూత మొదటి వానకు, కొంత రెండో వానకు వస్తుంది. అందుకని ఒకే కొమ్మమీద ఎర్రపండు, పసుపుకాయ, పచ్చికాయ పక్కపక్కనే ఉంటాయి.

మీరే అయితే ఏంచేస్తారు? కొమ్మను పిడికిట్లో పట్టి ఒక్క లాగు లాగితే అన్నీ బుట్టలో పడతాయి. అరగంటలో చెట్టు ఖాళీ. అట్లా కాక, ఎర్రటి పండు ఒక్కొక్కటే వేళ్ళతో గిల్లి కోస్తే రెండు వారాలకొకసారి చొప్పున మూడు నాలుగుసార్లు అదే చెట్టు దగ్గరికి రావాలి. కొండవాలున, నడుముకు బుట్ట కట్టుకుని! పచ్చికాయలో తీపి చేరి ఉండదు. దాని కాఫీ నాలుకను పీకుతుంది. మరీ మగ్గిన పండు పులిసిన వాసన కొడుతుంది. సరిగ్గా ఎర్రబడిన పండులోనే మంచి రుచి ఉన్నది.

ఈ సంగతిమీద ఆ ఇంట్లో నవంబరులో పెద్ద వాదన జరిగిందట. సంతలో ఒక బేరగాడు తగిలి, "ఎర్రనివీ పచ్చివీ అన్నీ కలిపి ఒక్కసారే కోసి ఇచ్చేయండి, డబ్బు ఇప్పుడే ఇస్తాను" అన్నాడు. ఇంటికి చేబదుళ్ళు ఉన్నాయి. కప్పు రేకులు మార్చాలి. చిన్నకొడుకు సరేనన్నాడు. "చేతికొచ్చిన డబ్బును కాదంటామా, అమ్మా?" అన్నాడు. నాయనమ్మ ఒప్పుకోలేదు. "వానాకాలమంతా ఓర్చుకున్నాంరా. ఇంకొక్క నెల ఓర్చుకోలేమా? పచ్చికాయ అమ్మితే మన కాఫీ ఎవడు మళ్ళీ అడుగుతాడు?" అన్నది. చివరకు ఇంట్లో ఉన్న రాజ్‌మా గింజలు సంతలో అమ్మి, ఆ డబ్బుతో బియ్యం తెచ్చుకుని, పండు ఎర్రబడేదాకా ఆగారు. నేను వెళ్ళేసరికి మూడో కోత నడుస్తున్నది.

పండు కోశాక ఆలస్యం పనికిరాదు. రాశిపోసి రాత్రంతా ఉంచితే లోపల వేడెక్కి పులిసిపోతుంది. అందుకని పొద్దుపోకముందే పళ్ళను నీళ్ళతొట్టిలో పోస్తారు. మంచి పండు మునుగుతుంది. పురుగుతిన్నదీ, లోపల డొల్లదీ తేలుతుంది. తేలినవాటిని వేరు చేస్తారు. తరవాత చేత్తో తిప్పే యంత్రంలో వేస్తే పైతోలు ఊడి, లోపలి రెండు గింజలు బయటికి జారతాయి. ఈ యంత్రాన్ని ఆ ఊళ్ళో నాలుగిళ్ళవాళ్ళు కలిసి వాడుకుంటున్నారు. యంత్రం లేని కుటుంబాలు పళ్ళనే అదేరోజు కొనుగోలు కేంద్రానికి ఇచ్చేస్తాయి.

ఇప్పుడు ఒక గింజ తీసి వేళ్ళ మధ్య నొక్కండి. తాటిముంజెలాగా జారిపోతుంది! గింజచుట్టూ తియ్యటి జిగురు ఉన్నది మరి. నీళ్ళు పోసి ఎంత కడిగినా అది పోదు. దాన్ని పోగొట్టేవి కంటికి కనిపించని సూక్ష్మజీవులు. ఇడ్లీపిండి పులియబెట్టడం మీ అమ్మ చేతుల్లో చూచారు గదా. ఇక్కడా అదే శాస్త్రం. గింజలను తొట్టిలో ఒక రోజో, ఒకటిన్నర రోజో ఉంచితే సూక్ష్మజీవులు ఆ జిగురును కరిగిస్తాయి. చలి ఎక్కువైతే ఇంకా ఎక్కువసేపు పడుతుంది. ఎప్పుడు చాలో గడియారం చెప్పదు. నాయనమ్మ గింజల్లోకి ఒక కర్ర గుచ్చి తీసింది. గుంట పూడకుండా అట్లాగే నిలిచింది. గుప్పెడు గింజలు నలిపి చూచింది. గులకరాళ్ళలాగా గరగరమన్నాయి. "అయింది" అన్నది. వెంటనే కడిగేయాలి. ఆలస్యమైతే పులుపు గింజలోకి దిగుతుంది. కడిగిన నీళ్ళను గెడ్డలో వదలరు, గుంట తీసి అందులో పోస్తారు. ఆ నీళ్ళు గెడ్డలో కలిస్తే చేపలు బతకవు. తోలును ఎరువుదిబ్బలో వేస్తారు.

ఇక ఎండబెట్టడం. నేలమీద పోస్తే మట్టివాసన పడుతుందని, నడుమెత్తు బల్లలమీద వల పరచి గింజలు పలచగా పోశారు. కిందినుంచీ గాలి ఆడుతుంది. కడిగిన గింజలో సగానికి పైగా తడి ఉంటుంది. అది నూటికి పదకొండు పాళ్ళకు దిగాలి. ఎక్కువ తడి ఉంటే బూజు పడుతుంది. మరీ ఎండితే పగిలిపోతుంది. పగలు గంటగంటకూ కలియబెట్టాలి. పొద్దుగూకేసరికి మంచు కురవకముందే కప్పాలి. ఇట్లా వారం పదిరోజులు. మనవరాలు బడినుంచి రాగానే పుస్తకాల సంచి దింపి మొదట చేసే పని గింజలు కప్పడమే. కొందరు పైతోలు తీయకుండా పండును పండుగానే ఎండబెడతారు. దానికి ఇంకా ఎక్కువ రోజులు కావాలి, దాని రుచి వేరు.

గింజమీద ఇంకా పెళుసైన పొర ఒకటి ఉంటుంది. అట్లాగే బస్తాకెత్తి అమ్ముతారు. మరలో ఆ పొర తీసి, గింజలను జల్లెడపట్టి, విరిగినవీ నల్లబడినవీ చేత్తో ఏరేస్తారు. అప్పుడు కాఫీకి పరీక్ష! అవును పిల్లలూ, కాఫీకీ మార్కులున్నాయి. చాలాకాలంగా వాడుకలో ఉన్న పద్ధతి ప్రకారం నూటికి 80గాని అంతకు మించిగాని వస్తేనే దాన్ని ప్రత్యేకమైన కాఫీ అంటారు. పరీక్ష చేసేవారు పాలూ పంచదారా కలపరు. ఒకే రకం గింజలతో అయిదు గిన్నెల కాఫీ పెడతారు. ఒక్కొక్క గిన్నె వాసన చూచి, చెంచాతో జుర్రుమని పీల్చి రుచి చూస్తారు. అయిదు గిన్నెలు ఎందుకో తెలుసునా? నాలుగు బాగుండి అయిదోది పాడైతే, ఆ బస్తాలో ఎక్కడో చెడ్డగింజ ఉన్నట్టే. చెడ్డగింజ ఒక్కటి చాలు, గిన్నె మొత్తం పాడుచేయడానికి.

ఇప్పుడు నాయనమ్మ మాట మళ్ళీ తలచుకోండి. ఒక ఇంటి కాఫీ విడిగా పరదేశం పోదు. అది చాలా తక్కువ. పదిళ్ళ, వందిళ్ళ గింజలు ఒక్కచోట కలుస్తాయి. వందమంది ఎర్రపండే కోసి, ఒక్కరు పచ్చికాయ కలిపితే ఆ మచ్చ అందరికీ అంటుతుంది. 2018లో ఫ్రాన్సు దేశపు ప్రీ ఎపికూర్ పోటీలో అరకు కాఫీకి బంగారు పతకం వచ్చింది. 2019లో "అరకు వేలీ అరాబికా" అనే పేరుకు మన దేశంలో భౌగోళిక గుర్తింపు లభించింది. అంటే ఆ ప్రాంతంలో పండిన కాఫీని తప్ప ఇంకొకదాన్ని ఆ పేరుతో అమ్మకూడదు. ఆ పేరు ఏ ఒక్కరి సొత్తూ కాదు, ఆ కొండల్లోని అన్ని కుటుంబాల ఉమ్మడి ఆస్తి. ఉమ్మడి ఆస్తిని కాపాడడం సొంత ఆస్తిని కాపాడడం కంటే కష్టం.

ఆ ఆస్తికి ఒక కొత్త శత్రువు కూడా వచ్చింది. కాయతొలుచు పురుగు అని ఒకటున్నది. నువ్వుగింజ కంటే చిన్నది, నల్లనిది. మన దేశంలో మొదట 1990లో నీలగిరుల వైపు కనిపించింది. 2025లో అరకు ప్రాంతపు తోటల్లోనూ బయటపడింది. ఆడపురుగు పండు కొనదగ్గర సూదిబెజ్జం చేసి లోపలికి దూరి, విత్తనంలోనే గుడ్లు పెడుతుంది. పిల్లలు విత్తనాన్ని తిని పెరుగుతాయి. పురుగు లోపల దాగి ఉంటుంది కనక పైన మందు చల్లినా దానికి సరిగా తగలదు. మరి ఏమిటి దారి? చెట్టున ఒక్క పండూ మిగలకుండా కోయాలి. నేలరాలినవన్నీ ఏరాలి. పురుగు పట్టిన పళ్ళను మరిగే నీళ్ళలో ముంచాలి. ఒక్క తోటలో రాలిన పళ్ళు వదిలేస్తే అక్కడ పెరిగిన పురుగు పక్కతోటకు ఎగురుతుంది. చూచారా? రుచి విషయంలో ఎట్లాగో పురుగు విషయంలోనూ అట్లాగే. ఒకరి అజాగ్రత్త అందరికీ నష్టం. ఆ ఊరి బడిపిల్లలు ఆదివారం ఉదయం బుట్టలు పట్టుకుని రాలిన పళ్ళు ఏరుతున్నారు. తమ తోటలోనే కాదు, మనుషులు తక్కువ ఉన్న ఇళ్ళవారి తోటల్లోనూ ఏరుతున్నారు.

ఇప్పుడు పలకలు తీయండి, ఒక చిన్న లెక్క. సుమారు ఆరు కిలోల పళ్ళు ఉంటే ఒక కిలో పచ్చిగింజ వస్తుంది. దాన్ని సుమారు రెండువందల డిగ్రీల వేడిలో వేయిస్తే తడి పోయి, చిటపటమని పగిలి, 800 గ్రాములకు కాస్త అటూఇటూ మిగులుతుంది. గిన్నెకు 10 గ్రాముల పొడి చొప్పున 80 గిన్నెలు. ఆరువేల గ్రాముల పళ్ళను 80తో భాగించండి. గిన్నెకు 75 గ్రాములు! పండు ఒకటిన్నర గ్రాముల బరువనుకుంటే ఎన్ని పళ్ళు? యాభై! అంటే మీ నాన్నగారు తాగే ఒక గిన్నె కాఫీకోసం ఆ కొండమీద ఎవరో యాభైసార్లు చెయ్యి చాచి, యాభైసార్లు చూచి, ఇది పండిందని నిశ్చయించుకుని కోశారన్నమాట.

ఎండబెట్టడంలో ఎంత తడి పోతుందో మీరే పరీక్షించవచ్చు. పచ్చి వేరుశనగకాయలు పావుకిలో తూచి, ఎండలో పలచగా పోయండి. రోజూ సాయంకాలం తూచి బరువు రాసుకోండి. మొదట త్వరగా, తరవాత మెల్లగా తగ్గుతుంది. బరువు తగ్గడం ఏరోజు ఆగిపోతుందో కనిపెట్టండి. ఒక గుప్పెడు విడిగా తీసి, తడిమీదనే మూతపెట్టి వారం ఉంచండి. ఏమవుతుందో ముట్టుకోకుండా చూడండి, తరవాత పెద్దవాళ్ళచేత పారవేయించండి.

ఆ ఇంటి చిన్నకొడుకు సంగతి చెప్పడం మరిచాను. ఎర్రపండు ఎంతకు పోయిందీ, బేరగాడి మాట విని ఉంటే ఎంత వచ్చేదీ ఇంకా తేలలేదు. కోత ముగిశాక గాని ఆ లెక్క తెగదు. కాని నేను చూచినప్పుడు నీళ్ళతొట్టి దగ్గర నిలబడి ఉన్నది అతనే. పక్కింటివాళ్ళ బుట్టలో రెండు పచ్చికాయలు కనిపిస్తే తీసి, "వదినా, ఇవి మన కాఫీలో పడకూడదు" అని వాళ్ళ చేతిలోనే పెట్టాడు.